గరాజులో ప్రాణవాయువు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగువాళ్లున్న వీధిలో అడుగుపెడితే ఇలాంటివాడు ఒకడు తగలక మానడు. గరాజులో రెండు కార్లు పట్టాలి, ఒకటే ఉంటుంది. రెండోది బయట ఎండకి ఎండుతూ వడగళ్లకి సొట్టలు పడుతూ ఉంటుంది. దాని జాగాలో పెద్ద స్టీలు కెటిల్, కార్బాయ్‌లనే పెద్ద గాజు సీసాలు, పాత ఫ్రిజ్, చుట్టలు చుట్టిన గొట్టాలు. వారమంతా ఇతరుల కోడ్‌లో తప్పులు వెతికే మనవాడు శనివారం తెల్లారగానే నిక్కరు తొడుక్కుని అందులో దూరతాడు. రాజమండ్రి నుంచి తల్లి ఫోన్ చేసి “ఏం చేస్తున్నావురా?” అంటే “బార్లీ కాస్తున్నానమ్మా” అంటాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. “మంచిది నాయనా, ఒంటికి చలవ” అంటుంది ఆవిడ.

చట్టం ప్రసక్తి వస్తే ఛాతీ విరుచుకుంటాడు. ఇంట్లో వాడకానికి బీరు కాచుకోవచ్చని 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరున్న ఇంటికి 200. ఆ రెండో మనిషి మనవాడి భార్య. బీరు వాసన వస్తే కిటికీలు తెరిచే ఇల్లాలు. భర్త లెక్కలో ఆవిడ వాటా మాత్రం చెక్కుచెదరదు.

విచిత్రమేమిటంటే, మనవాడు బీరు గురించి పెద్దగా మాట్లాడడు. మాట్లాడేదంతా గాలి గురించే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానేసి, వడగట్టి, హాప్స్ అనే పువ్వులు వేసి గంటసేపు మరిగిస్తే వచ్చే తియ్యటి రసం పేరు వోర్ట్. మరిగేటప్పుడు అందులోని ఆక్సిజన్ దాదాపు అంతా ఎగిరిపోతుంది. ఈ రసాన్ని బీరుగా మార్చే ఈస్టు సంతానాన్ని పెంచుకోవాలంటే కొత్త కణాలకి పొరలు కట్టాలి. ఆ పొరలకి స్టెరాళ్లు, కొవ్వు ఆమ్లాలు కావాలి. అవి తయారవ్వాలంటే ఆక్సిజన్ కావాలి. లేకపోతే ఈస్టు నీరసపడి చక్కెర సగంలో వదిలేస్తుంది. కాబట్టి రసం చల్లారాక, లీటరుకి 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టించాలి. ఈ ఉపన్యాసమంతా సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం చేత్తో పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఇస్తాడు. చెప్పేదంతా నిజమే కావడం వల్ల మధ్యలో అడ్డుపడే వీలు కూడా ఉండదు.

మొదటి రోజుల్లో ఊపేవాడు. అయిదు గ్యాలన్ల రసంతో కార్బాయ్ బరువు పాతిక కిలోలకి తక్కువ ఉండదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, జోల పాడటం ఒక్కటే తక్కువ అనేది భార్య. నడుం పట్టేసింది. తర్వాత రెండు బకెట్లు తెచ్చి, కాఫీ ఎగరపోసినట్టు ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి పోశాడు. గరాజు నేలంతా బంక. చీమలకి టెక్సాస్‌లో కొదవ లేదు. తర్వాత డ్రిల్లు మిషనుకి స్టీలు కవ్వం లాంటిది బిగించి చిలికాడు. ఆపైన చేపల తొట్టికి వాడే పంపు వచ్చింది. గాలిలో సూక్ష్మజీవులుంటాయని దానికో ఫిల్టరు, చివర సన్న రంధ్రాల రాయి. కూతురి చేపలు అంతకుముందు వారమే పక్కింటికి కాపురం వెళ్లాయి.

పద్ధతి మారినప్పుడల్లా పాత పద్ధతి వాళ్లంటే జాలి పుట్టుకొచ్చేది. “ఇంకా ఊపుతున్నారా?” అని అడిగేవాడు, ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నారా అన్న గొంతుతో. నిజానికి ఊపినా చిలికినా పంపు పెట్టినా మామూలు గాలితో చేరగలిగేది సుమారు 8 మిల్లీగ్రాములే. గాలిలో ఆక్సిజన్ ఉన్నదే 21 శాతం. ఈ సంగతి తెలిసిన రోజు హార్డ్‌వేర్ షాపుకెళ్లి, లోహాలు అతికేవాళ్లు వాడే ఎర్ర ఆక్సిజన్ సిలిండరు కొనుక్కొచ్చాడు. అర మైక్రాన్ రంధ్రాల స్టీలు రాయి పెట్టి నిమిషంపాటు వదిలితే చాలు. ఆ రాయిని వేళ్లతో ముట్టుకోకూడదు, చర్మం జిడ్డుకి రంధ్రాలు పూడిపోతాయి. ఇంట్లో మడి అంటే నవ్వే మనిషి దాన్ని మరిగే నీళ్లలో వేసి పటకారుతో తీసేవాడు.

ఆ వేసవిలో భీమవరం నుంచి వచ్చిన మామగారు స్టూలు వేసుకుని అంతా చూశారు. “అల్లుడుగారూ, మా తాళ్ల మీద కల్లు లొట్టికి గాలి ఎవరూ కొట్టేవారు కాదండీ. దింపేసరికే నురగ కట్టేది.”

“అది వైల్డ్ ఫెర్మెంటేషన్ మామయ్యగారూ, కంట్రోల్ ఉండదు.”

“మాకూ ఉండేది కాదు లెండి” అన్నారు మామగారు.

ఈస్టు పని మొదలెట్టిందంటే కథ తిరగబడుతుంది. ఇక ఆక్సిజన్ శత్రువు, తగిలితే బీరు తడిసిన అట్టముక్క వాసన కొడుతుంది. అంత గాలి కొట్టిన మనిషే గరాజు తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడతాడు.

మధ్యలో నూనె మోజు కూడా నడిచింది. కొలరాడోలోని న్యూ బెల్జియం బ్రూవరీలో గ్రేడీ హల్ అనే ఆయన గాలికి బదులు ఈస్టుకి రవ్వంత ఆలివ్ నూనె ఇచ్చి చూశాడు. మనవాడు సూదిమొన ముంచి ఒక్క చుక్క కన్నా తక్కువ వేశాడు. “ఆవకాయకి గాలి తగలకూడదని నూనె పోస్తాం. మీరు గాలి బదులు పోస్తారా?” అంది అత్తగారు. జవాబు చెప్పడానికి ముప్పావుగంట పట్టింది.

ఇంత చేసి సీసా తెరిస్తే, స్నేహితుడు ఓ గుక్క తాగి “అచ్చం కింగ్‌ఫిషర్‌లా ఉంది బావా!” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. వాళ్లిద్దరికీ కొన్నాళ్లు మాటల్లేవు.

అసలు దెబ్బ చెత్తబుట్టలోంచి వచ్చింది. కొత్తగా పరిచయమైన కుర్రాడొకడు ఖాళీ ఈస్టు పొట్లం చూసి, “అన్నా, ఇది డ్రై ఈస్టు కదా. ఫ్యాక్టరీలోనే బోలెడు ఆక్సిజన్ పెట్టి పెంచుతారు, స్టెరాళ్లు ముందే నిండుగా ఉంటాయి. మొదటిసారి వాడితే గాలి అక్కర్లేదని తయారీదార్లే చెప్తారు” అన్నాడు. మొదటి బ్యాచి నుంచీ మనవాడు వాడుతున్నది డ్రై ఈస్టే.

ఆ రాత్రి అన్నం సహించలేదు. సిలిండరు అమ్మేస్తాడేమో, రెండో కారు లోపలికి వస్తుందేమో అని భార్య కాస్త ఆశపడింది. వారం తిరక్కుండా ఐసు ప్యాకెట్లతో ఒక పార్సిల్ దిగింది. లిక్విడ్ ఈస్టు. ఖరీదెక్కువ, ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎక్కువకాలం నిలవుండదు.

“కానీ దీనికి ఆక్సిజన్ పెట్టి తీరాలి!” అన్నాడు, ఎర్ర సిలిండరు మర తిప్పుతూ.