మా పిల్లలకు కాలమ్ లేదు

చట్టానికి లోబడి బతుకుదామనుకునే మనిషిని ఈ కాలంలో ఎవరూ లెక్కచేయరండీ. నా సంగతే చూడండి. గుడివాడలో రైలు గేటు పడితే కిక్కురుమనకుండా నిలబడతాను. ఇంటిపన్ను గడువుకి ముందే కడతాను. ఆధార్‌ని పాన్‌తో, పాన్‌ని బ్యాంకుతో, బ్యాంకుని ఫోనుతో, ఫోన్ని మళ్ళీ ఆధార్‌తో కలిపి కూర్చున్నాను. అలాంటివాణ్ణి, పిల్లలిద్దర్నీ ఇంట్లోనే చదివించుకుంటాను, ఎక్కడ ఏ కాగితం ఇవ్వాలో సెలవియ్యండి మహాప్రభో అని ఒక ఆఫీసుకెళ్ళి అడిగితే, అలాంటి కాగితం లేదన్నారు. ఉన్నా తీసుకునేవాళ్ళు లేరట.

బడెందుకు మాన్పించావని అడక్కండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషనంటూ తెల్లారగట్ల బస్సెక్కించి దీపాలు పెట్టాక దింపుతుంటే, మావాడు నన్ను అంకుల్ అని పిలిచే రోజు దగ్గరపడిందనిపించింది.

సరే, చట్టమే తెచ్చి చదివాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. (ఆ తేదీ నేను పెట్టింది కాదు.) ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది పదో సెక్షను. శిరోధార్యం. మరి చేర్పించకపోతే? వణుకుతూ పేజీలు తిప్పాను. గుర్తింపు లేకుండా బడి నడిపేవాడికి లక్ష దాకా జరిమానా, ఆపకపోతే రోజుకి పదివేలు. క్యాపిటేషన్ ఫీజు గుంజినవాడికి పదిరెట్ల దాకా వడ్డన. తల్లిదండ్రులకి? ఒక్క రూపాయి లేదు. ఇంటి చదువన్న మాటే లేదు. సరే అనలేదు, వద్దనలేదు. పెళ్ళిపందిట్లో అప్పున్న చుట్టంలా మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. నేరస్థుడిగా కూడా పనికిరాకుండా పోయాను.

2012 సవరణలో మదరసాలకీ వేదపాఠశాలలకీ మినహాయింపు ఉంది. అది వినగానే మా ఆవిడ వంటింట్లోంచి, "పంచె కట్టుకుని పిల్లలకి పురుషసూక్తం మొదలుపెట్టండి, గొడవ వదిలిపోద్ది" అంది. నాకొచ్చిన సంస్కృతమంతా పెళ్ళినాడు పంతులుగారు చెప్పించిందే. అదీ సగం మింగేశాను.

అయినా పట్టు వదల్లేదు. చట్టం మనల్ని గుర్తించకపోతే మనమే చట్టాన్ని గుర్తిద్దామని, బడికి ఉండాల్సిన హంగులన్నీ రాసిన షెడ్యూలు చేతపట్టుకుని సొంత కొంపనే తనిఖీ చేశాను. ఎండకీ వానకీ ఆగే కట్టడం: ఎండకి ఆగుతుంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు: ఉన్నదొక్కటి, రోజూ పొద్దున ఏడింటికి దాని తలుపు దగ్గర రాజ్యాంగ సంక్షోభం. ప్రహరీ గోడ: ఉంది, అందులో మూడంగుళాలు తనవంటాడు పక్కింటాయన. ఆటస్థలం: వీధి, గేదెలు దయతలచినప్పుడు. వంటగది: భేషుగ్గా ఉంది, కానీ సర్కారు బళ్ళో ఇచ్చినట్టు గుడ్డూ చిక్కీ ఏవని పిల్లలు నిలదీస్తున్నారు. ఐదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, 800 గంటల పాఠాలు; ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1000 గంటలు. పాఠాలు సిద్ధం చేసుకోవడంతో కలిపి టీచరుకి వారానికి 45 గంటల పని. ఈ చివరి ముక్క మా ఆవిడకి గంభీరంగా చదివి వినిపించాను. ఆ 45 గంటలూ అయ్యాక తను పుట్టింటికి పోవచ్చా అని అడిగింది.

టీచర్లు ప్రైవేట్లు చెప్పకూడదని 28వ సెక్షను, కాబట్టి ఎదురింటి పిల్లకి ఎక్కాలు చెప్పడం మానేశాం. పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని 17వ సెక్షను. మావాడు ఆ పేజీ మాత్రం జాగ్రత్తగా చింపి ఫ్రిజ్జు మీద అంటించాడు. ఇంటి చదువు మొదలయ్యాక వాడు కంఠతా పట్టిన పాఠం అదొక్కటే.

పద్నాలుగేళ్ళ లోపు పిల్లల లెక్కలు స్థానిక సంస్థలు రాసి ఉంచాలి, తొమ్మిదో సెక్షను. అందుకని ఓ అమ్మాయి సర్వేకొచ్చింది. హమ్మయ్య, రాజ్యం మన గుమ్మం తొక్కిందని కుర్చీ వేశాను.

"పిల్లలే బడండీ బాబాయ్ గారూ?"

"ఇంట్లోనేనమ్మా."

"మీ ఇల్లు కాదండీ, బడి పేరు."

"ఇల్లే బడమ్మా."

ఫోను పైకీ కిందకీ జరిపింది. "ఇల్లని లేదండీ ఇందులో. గవర్నమెంటు, ఎయిడెడ్, ప్రైవేటు. ఏదీ కాదంటే డ్రాపౌటు. దానికీ కారణం పెట్టాలండీ." పేదరికం, జబ్బు, పనికి పోవడం, వలస అని చదువుకుంటూ పోయింది. నా మొహం చూసి జాలేసినట్టుంది. "పోనీ వలసని పెట్టేదాండీ?" అని పెట్టేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. సర్కారు లెక్కల్లో మా పిల్లలిప్పుడు ఏ దూరదేశానికో తరలిపోయారు. హాల్లో క్యారమ్స్ ఆడుకుంటున్నారు.

ఇక వీధిలో వాళ్ళ పరామర్శలు. "ఏవయ్యా, ఫీజు కట్టలేకా?" అంటాడొకాయన. సర్కారు చదువు మాకొద్దని 1910లో బందర్లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాల పెడితే దేశభక్తులన్నారు. అంతదాకా ఎందుకు, 1950లో పుట్టిన మా ఊరి కాలేజీ అక్కినేని నాగేశ్వరరావు గారి పేరు మీదుంది. ఆయన బడి చదువు చిన్న తరగతులతోనే ఆగింది. ఇవన్నీ టీకొట్టు దగ్గర ఏకరువు పెట్టాను. "అయితే మీవాణ్ణి సినిమాల్లో పెడతావా?" అన్నారు.

న్యూయార్కులో ఉన్న మా బావమరిది ఊరడించబోయాడు. అక్కడ ఇంట్లో చదివిస్తామని ముందే రాసివ్వాలట, ఏం చెప్పబోతున్నారో పథకం ఇవ్వాలట, మూణ్ణెల్లకోసారి రిపోర్టు పంపాలట, ఏడాది చివర పరీక్షించి చూపాలట. అది కదండీ పౌరుడికి దక్కాల్సిన మర్యాద! జర్మనీలో అయితే ఇంటి చదువే నిషేధం, జరిమానా వేస్తారు. అదీ ఒక గౌరవమే. మనకి ఆ యోగం కూడా లేదు.

ఉన్న దారల్లా ఓపెన్ స్కూలు. కేంద్రం వాళ్ళది 1989లో, మన సార్వత్రిక విద్యాపీఠం 1991లో మొదలయ్యాయి. అక్కడ పదో తరగతి రాయాలంటే పద్నాలుగు నిండాలి. మావాడికి పదకొండు. పద్నాలుగు దాకా బళ్ళో ఉండమని చట్టం, పద్నాలుగు నిండాక రమ్మని ఓపెన్ స్కూలు. ఈ మధ్యకాలానికి వాడెవరు?

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. 2025 జూన్‌లో, బడికెళ్ళే పిల్లల తల్లులకి సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. బిడ్డకి పదిహేను వేలు, అందులో రెండువేలు బడి ఖర్చులకి పోను తల్లి ఖాతాలో పదమూడు. షరతు 75 శాతం హాజరు. మా పిల్లల హాజరు నూటికి నూరు, ఆదివారాలు కూడా కదలరు. వీధివీధంతా ఫోన్లు టింగుటింగుమన్నాయి, మా ఆవిడ ఫోను తప్ప. ఇద్దరికీ కలిపి ఇరవయ్యారు వేలన్న లెక్క ఆవిడ రోజూ కాఫీతో పాటు అందిస్తోంది. పంచదార మాత్రం తగ్గింది.

మొన్న ఎదురింటి పిల్ల కొత్త బ్యాగూ బెల్టూ బూట్లూ చూసొచ్చి, మా చిన్నది బడికి పోతానంది. ఏడాది మధ్యలో ఎవరు చేర్చుకుంటారే, టీసీ ఏదీ, అని నేను అడ్డుపడబోతే మావాడు చట్టం పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేశాడు. గడువు దాటినా చేర్చుకోనని ఏ బడీ అనకూడదు, 15వ సెక్షను. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, ఐదో సెక్షను. పుట్టినతేదీ కాగితం లేదని తిప్పి పంపకూడదు, పద్నాలుగో సెక్షను. వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి, నాలుగో సెక్షను. బయటికి రావడానికి ఒక్క దరఖాస్తు లేని చట్టంలో లోపలికి పోవడానికి ఇన్ని తలుపులు!

ఈ అన్యాయాన్ని మా ఆవిడ దృష్టికి తీసుకెళ్దామని గదిలోకి చూశాను. అప్పటికే చీర మార్చుకుని, బ్యాంకు పాసుబుక్కు సంచిలో పెట్టుకుంటోంది.