స్టాకు సారు

ఇందుకూరుపేట మండలంలో ఏ సర్కారు బడిలోకి తొంగిచూసినా ఒక స్టాకు సారు తగులుతాడు. జీతం లెక్కల పాఠానికి, ప్రాణం బీరువా తాళాల మీద. ఒకప్పుడు ఈయన పని సుళువు. డెడ్ స్టాకు రిజిస్టరులో రెండు బీరువాలు, ఒక గ్లోబు, ఒక ఇత్తడి గంట. ఏడాదికోసారి దుమ్ము దులిపి సంతకం పెడితే అయిపోయేది. 2019 నవంబరులో సర్కారు నాడు-నేడు పథకం మొదలయ్యాక బళ్లలోకి డెస్కులు, ఫ్యాన్లు, గ్రీన్ బోర్డులు దిగాయి. మరుసటేడు విద్యాకానుక: ఒక్కో బిడ్డకు మూడు జతల యూనిఫాం, బూట్లు, బెల్టు, బ్యాగు. మధ్యాహ్నానికి గుడ్లు, చిక్కీలు సరేసరి. రిజిస్టరు కుట్లు తెగాయి. అప్పుడు సారుకు బుద్ధి పుట్టింది: “అంతా వెబ్బులో పెట్టేద్దాం!”

సర్కారు యాపులు ఉన్నాయి గదా అంటే, “అవి పైవాళ్లు మనల్ని చూసేదానికి. ఇది మన చీపుర్లు మనం చూసుకునేదానికి” అన్నాడు.

వేసవి సెలవులన్నీ యూట్యూబు ముందు కూర్చుని, వెనక ఒక గూగుల్ షీటు దాచి, ముందొక పేజీ నిలబెట్టాడు. వచ్చింది, ఇచ్చింది, మిగిలింది అని మూడు గళ్లు. ఎవరు ఎప్పుడు ఎక్కించారో నిమిషంతో సహా పడుతుంది. తప్పు రాస్తే కొట్టేసి పక్కన పొట్టి సంతకం గీకే సుఖం ఇక లేదు. పాత టీచర్లకు అసలు బాధ అదే. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి, ప్రతి కుర్చీకీ ఒక క్యూఆర్ స్టిక్కరు అంటించాడు. మైపాడు సముద్రపు ఉప్పుగాలికి అవి పదిహేను రోజుల్లో అంచులు లేచాయి. మిగతా పని పిల్లలు కానిచ్చారు. ఒకనాడు మూడో తరగతి బుడ్డోడి నుదురు స్కాన్ చేస్తే, “చెక్క కుర్చీ, ఒక కాలు రిపేరు” అని వచ్చింది.

పేజీ తెరిచిన మొదటిరోజే బడి ఆయమ్మ వచ్చి నిలబడింది. “సారూ, ఇరిగిపోయిన కుర్చీ ఉండాది. కుర్చీల్లో రాస్తారా, కట్టెల్లో రాస్తారా?”

సారు దగ్గర దానికి గడి లేదు. ఆ రాత్రి పన్నెండింటికి లేచి చేర్చాడు.

ఆగస్టులో ఒక పొద్దున హెడ్మాస్టరు కళ్లద్దాలు సర్దుకుంటూ పిలిచాడు. “చీపుర్లు మైనస్ రెండు అని చూపిస్తా ఉంది. ఏందయ్యా ఇది?”

“ఇండెంటు పెట్టిన రోజే ఇచ్చేసినట్టు ఎక్కించా సార్. సరుకు ఇంకా రాలా. సిస్టం కరెక్టే.”

“మరి లేని రెండు చీపుర్లతో ఇందాక వరండా చిమ్మిందెవరు?”

ఇద్దరూ ఆయమ్మ వైపు చూశారు.

“నేనే సార్. అవి మా ఇంటివి.”

సారు అప్పటికే కీబోర్డు మీద వంగాడు. కొత్త గడి తెరుచుకుంది: దాతలు.