పాత బెల్టు పారేసే ముందు

మొన్న మిరప తోటలో మందు కొట్టే ఇంజను బెల్టు తెగింది. మనవడు కనిగిరి పోయి కొత్తది తెచ్చాడు. ఇంజను బోల్టులు వదులు చెయ్యనైనా చెయ్యలేదు, పుల్లీ అంచున స్క్రూడ్రైవరు దూర్చి బెల్టును బలవంతంగా ఎక్కించాడు. మూడో నాటికి కింద నల్లటి పొడి రాలుతోంది. "డూప్లికేటు బెల్టు ఇచ్చారు తాతా" అంటాడు. తప్పు బెల్టుదా?

మా రోజుల్లో బావి గట్టున ఆయిల్ ఇంజను, దానికి పట్టా బెల్టు. 1970కి ముందు మాట, కనిగిరి అప్పటికింకా నెల్లూరు జిల్లాలో ఉంది. బెల్టు తెగితే కొత్తది కొనే స్తోమత ఎవరికుంది? రెండు కొసలూ మూలమట్టం పెట్టి తిన్నగా కోసేవాళ్లం. ఇనప పళ్ల క్లిప్పులు సుత్తితో దిగ్గొట్టి, మధ్యలో ఊచ దూర్చి కలిపేవాళ్లం. కోత వంకర పోయిందా, బెల్టు పుల్లీ మీద నిలవదు, ఓ పక్కకు పాకి జారిపోతుంది. పట్టు తగ్గితే గుగ్గిలం పొడి చల్లేవాళ్లం. వీటన్నిటికన్నా ముందు పురికొస లాగిపట్టి, రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసేవాళ్లం. మెట్ట ప్రాంతం మనది. బావిలో ఊరిన కాసిని నీళ్లు తోడే వేళ ఇంజను ఆగితే పైరు వాడిపోయేది. అందుకే బెల్టు ఎందుకు తెగిందో తెలిసేదాకా ఇంజను తిప్పేవాళ్లం కాదు.

ఇప్పటి వి-బెల్టు మంచిదే, కాదనను. కానీ దాని పట్టంతా రెండు చెంపల్లో ఉంటుంది, అడుగున కాదు. మనవణ్ణి కూర్చోబెట్టి పుల్లీ గాడిలో వేలు పెట్టించాను. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది. అంటే గాడి చెంపలు అరిగిపోయి, బెల్టు లోపలికి దిగి అడుగును రాసుకుంటోంది. అలాంటి పుల్లీకి ఎన్ని బెల్టులు మార్చినా జారేదే, కాలేదే. అదే ఒక్క చెంపే అరిగిన బెల్టు కనిపిస్తే పుల్లీలు వరస తప్పాయని అర్థం. ఈ చూపు మాకు ఏ బళ్లోనూ నేర్పలేదు, చేత్తో తడిమి నేర్చుకున్నాం. పిల్లలకు ఆ ఓపిక లేకపోవడమే నా బాధ.

పాత బెల్టును పారేయకండి అబ్బాయిలూ, దుకాణానికి పట్టుకెళ్లండి. దాని మీద బి-48 అని ఉంటే బి రకం, లోపలి చుట్టుకొలత 48 అంగుళాలు అని. ఇంజను ఆపి, బోల్టులు వదులు చేసి, చేత్తోనే ఎక్కించండి. మెడలో కండువా ఉంటే ముందు తీసి పక్కన పెట్టండి.