నెట్ పీకిన బ్రౌజర్

ఇరవై ఏళ్ల కిందట ఓ పత్రిక వెబ్‌సైట్‌కి నేను రాసిన సినిమా సమీక్ష ఒకటి ఇప్పుడు అవసరపడింది. సీడీలో దాచుకున్నాను. తెరిస్తే, నెత్తిన కొమ్ములూ కింద తోకలూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు వరసగా నిలబడి వెక్కిరించాయి. రహమత్ నగర్‌లో మా వీధి మలుపు దగ్గర నెట్ సెంటర్ కుర్రాడికి చూపిస్తే "గిది వైరస్ అంకుల్" అన్నాడు. నా తెలుగుని సంపాదకులు చాలా అన్నారు గానీ, ఇంత మాట ఎవరూ అనలేదు.

అన్ని అక్షరాలకీ ఒకే లెక్క కట్టే యూనికోడ్ ఇంటింటికీ రాని రోజుల్లో ఒక్కో పత్రికా ఒక్కో ఫాంటు పెట్టుకుంది. ఈనాడుది ఒక లెక్క, వార్తది ఇంకో లెక్క. ఇంగ్లీషు అక్షరం కూర్చునే కుర్చీలో ఒకరు 'క'ని కూర్చోబెడితే, మరొకరు తలకట్టుని కూర్చోబెట్టారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ ఫాంటుని తానే దించుకుని సర్దుకునేది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం కొమ్ములూ తోకలే. అప్పుడొచ్చింది 'పద్మ'. ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. ఏ పత్రికది ఏ వేషమో కనిపెట్టి, దాన్ని విప్పించి, యూనికోడ్ తెలుగులో నిలబెట్టేది. రాసింది వెన్న నాగార్జున. ఆ పేరు చెప్తే మా పేటలో అందరూ అన్నపూర్ణ స్టూడియో వైపు చూస్తారు. ఆ హీరో వేరు, ఈయన వేరు.

ఆ కాలపు ఎక్స్‌టెన్షన్లు ఇల్లరికపు అల్లుళ్లు. బ్రౌజర్ వంటింట్లోకైనా వెళ్లి ఏ గిన్నె మూతైనా తీసేవి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు ఇల్లు బాగుచేయిద్దామంటే ప్రతి గదిలోనూ అల్లుడి కాళ్లే అడ్డం. ఇక హాల్లో కుదురుగా కూర్చునేవాళ్లకే చోటని 2015లోనే చెప్పేశారు. 2017 నవంబర్ 14న ఫైర్‌ఫాక్స్ 57 విడుదలైంది. పాతరకం అల్లుళ్లంతా ఒక్కరోజే వీధిన పడ్డారు. దగ్గర్లోనే ఫిల్మ్‌నగర్ ఉంది కదా, అనుకున్న తేదీకి ఇంత ఠంచనుగా పడిన బొమ్మలు ఎన్ని? బ్రౌజర్లో వీడియోలూ ఆటలూ ఆడించిన ఫ్లాష్ కథా అంతే. 2020 డిసెంబర్ 31న రిటైరవుతుందన్నారు, అయింది. పోతూ పోతూ కొడుకుని హీరోగా పెట్టి పోవడం కూడా లేదు.

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, కుర్రాడు షాపు మూలకెళ్లి పాత దుప్పటి లాగాడు. కింద ఓ లావుపాటి మానిటర్, పసుపు తిరిగిన సీపీయూ. "మా అన్న పెట్టిండు." అందులో పాత ఫైర్‌ఫాక్స్, దానికి పద్మ. వెనకాల నెట్ వైరు పీకేసి, ఆ రంధ్రానికి నల్లటేపు అంటించి ఉంది.

"టేపెందుకు నాయనా?"

"ఎవరన్న వైరు పెడ్తరని అంకుల్. నెట్ దొరికితే అప్‌డేట్ అయితది. గంతే, ఖతం."

బ్రౌజర్‌ని ఇంటర్నెట్ సోకకుండా బతికిస్తున్న నెట్ సెంటర్‌ని జీవితంలో మొదటిసారి చూశాను.

ఫైలు ఎక్కించాడు. కొమ్ములు రాలాయి, తోకలు తెగాయి, తలకట్లు మొలిచాయి. ఒకటి రెండు ఒత్తులు పక్కింటి అక్షరం కిందికి జారినా, అది నా సమీక్షే. ప్రింటుకి పది రూపాయలు, "పాత సిస్టమ్ చార్జి" ఇంకో ఇరవై. కాగితం ఇవ్వబోతూ మొదటి పేరా చదివి ఆగాడు.

"ఇరవై ఏండ్ల కింద గూడ గీ హీరో కాలేజ్ స్టూడెంటేనా అంకుల్? మొన్నటి సినిమాల గూడ ఫైనలియరే కద!"