కొండ ఎవరిదో తేలాకే మంట ఆర్పబడును

ఎండాకాలంలో ఆదోని కొండలకు నిప్పంటుకోవడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. ఆర్పకుండా విసిరిన బీడీ, వానలకు లేత గడ్డి మొలుస్తుందని కాపరి పెట్టిన అగ్గి, చేలో పత్తికట్టె తగలబెడితే గట్టు దాటిన రవ్వ, వీటిలో ఏదైనా చాలు. ఆర్పడానికే చాలా కావాలి. ముందుగా ఆ కొండ ఎవరిదో తేలాలి.

మన యంత్రాంగం మీద నాకు అపారమైన గౌరవం. అడవుల మంటల కాలం ఫిబ్రవరిలో మొదలైతే, సమన్వయ సమావేశాల కాలం అంతకంటే ముందే మొదలవుతుంది. అటవీ, రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక, పంచాయతీరాజ్ శాఖలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి. “అన్ని శాఖలూ సమన్వయంతో పనిచేయాలి” అన్న వాక్యం మినిట్స్‌కెక్కుతుంది. నిరుటి కాగితంలో తేదీ మారిస్తే సరిపోతుంది కాబట్టి పని కూడా త్వరగా తెములుతుంది. ఆ మీటింగ్ హాల్లో ఇంతవరకు మంట చెలరేగిన దాఖలా లేదు. ఆ మేరకు సమన్వయం నూటికి నూరుపాళ్లు సఫలం.

ఇప్పుడు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఎక్కడో ఒక గుట్ట ఉందనుకుందాం. పై సగం రిజర్వు ఫారెస్టు, కింది సగం రెవెన్యూ పోరంబోకు, పక్కన పట్టా చేను, అంచున ఆర్ అండ్ బీ రోడ్డు. గొర్రెలాయన ఫోన్ చేస్తాడు.

“సార్, గుట్ట కాల్తాండాది.”

“పైనా, కిందా?”

“నడుమ సార్.”

“నడుమంటే ఎవరి పరిధి?”

“గాలి ఎట్ల కొడితే అట్ల పోతాండాది సార్. పరిధి దానికేం తెలుసు?”

ఫైరింజన్ రాదని నేననను, వస్తుంది. రోడ్డు అయిపోయిన చోట ఆగుతుంది. బండల మీదికి పైపు ఎంతదూరం సాగుతుందో అంతవరకే దాని సమన్వయం.

పైన ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాటి సాయంతో మంటలు కనిపెట్టి సిబ్బంది ఫోన్లకు సందేశాలు పంపుతుంది. మంచి పనే. కాకపోతే వాటిలో మెరుగైన సెన్సర్‌కు ఒక చుక్క అంటే 375 మీటర్ల చదరం, అంటే సుమారు 35 ఎకరాలు. పైగా అవి రోజుకు కొన్నిసార్లే మన నెత్తిన వెళ్తాయి. వచ్చిన చుక్కల్లోంచి అడవిలో ఉన్నవాటినే ఏరి పంపుతారు. కాబట్టి పోరంబోకులో పుట్టిన మంట కష్టపడి గుట్టెక్కి, రిజర్వు ఫారెస్టు హద్దురాయి దాటి, సందేశానికి అర్హత సంపాదించుకోవాలి.

2022 ఏప్రిల్‌లో మా కర్నూలు జిల్లాను విడగొట్టినప్పుడు నల్లమల నంద్యాలకు పోయింది. పులులూ పోయాయి, వాటితో పాటు పట్టించుకునేవాళ్ల చూపూ పోయింది. మాకు మిగిలింది బండలు, కంప, ఎండుగడ్డి. అదే 2014 మార్చిలో తిరుమల కొండలు అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు దిగాయి. దిగాల్సిందే. ఎమ్మిగనూరు గుట్టకు హెలికాప్టర్ కావాలని నేనడగట్లేదు. ఒక ట్రాక్టర్, దానికో నీళ్ల ట్యాంకు చాలు.

శాఖలకు కలిసి పనిచేయడం చేతకాదా అంటే, బాగా చేతనవును. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి చూడండి: పోలీసులు, వైద్యులు, అంబులెన్సులు, రెవెన్యూవాళ్లు అందరూ హాజరు. కర్రలు ఎలాగూ లేస్తాయి, తలలు పగులుతాయి, అది వేరే సంగతి. కానీ హాజరుపట్టీ నిండుతుంది. అక్కడికి కెమెరాలొస్తాయి. ఏప్రిల్‌లో గడ్డి కాలుతుంటే ఎవరొచ్చి తీస్తారు?

మంట దగ్గర ఎవరికి వారే అయిపోయే ఈ జబ్బు మనొక్కరిదే కాదు. 1970లో కాలిఫోర్నియాలో 13 రోజుల మంటల్లో 16 మంది చనిపోయారు. అప్పుడు తేలిందేమిటంటే, ఒక శాఖ రేడియో ఇంకో శాఖకు వినపడదు, ఎవరి మాట ఎవరు వినాలో ఎవరికీ తెలియదు. వాళ్లు సిగ్గుపడి, మంట దగ్గర అందరికీ ఒక్క కమాండర్ ఉండే పద్ధతి తయారుచేసుకున్నారు. దాన్నే మన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ‘ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్’ పేరుతో మార్గదర్శకాలుగా అచ్చేసింది. అచ్చు బాగుంది, బైండింగ్ ఇంకా బాగుంది.

ఈలోగా గుట్ట మీద సీజన్‌కు పెట్టుకున్న ఫైర్ వాచర్లు పచ్చి తంగేడు మండలు విరిచి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని మంటను బాదుతుంటారు. గొర్రెలాయన కూడా ఓ మండ పట్టుకుంటాడు. ఆయనకు ఏ సమావేశానికీ పిలుపు రాలేదు. నిప్పు తనే పెట్టాడేమోనన్న అనుమానంతో తర్వాత పిలుపు రావచ్చు.

వచ్చే ఏటి సమావేశంలో టీ చల్లారేలోపు ఒక్క కాగితం రాయండి సార్. ఒక్కో గుట్టకు ఎదురుగా ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు. దాని పక్కన ట్రాక్టర్ ఎవరిది, ట్యాంకు నింపే బోరు ఎవరిది, డీజిల్ ఖర్చు ఏ పద్దులో రాస్తారు? డీజిల్ దగ్గరికి వచ్చేసరికి, ఆ బల్ల చుట్టూ ఎంతమంది మిగులుతారో చూడాలి.