మల్లొక్కసారి పెట్టు

నేను టేప్ రికార్డర్‌ని. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలో నాలాంటివి ఇప్పుడు అటకల మీద, సందూకుల్లో, రిపేరు దుకాణాల వెనక గదుల్లో దుమ్ము కప్పుకొని ఉన్నాయి. ఆత్మకథ అన్నాక పుట్టుక, పెంపకం, చేతులు మారిన వైనం చెప్పుకోవాలి. ఫిలిప్స్ కంపెనీ 1963లో కాసెట్‌ను లోకానికి చూపించింది, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు మన పల్లెల్లో అది మామూలు వస్తువైంది. నా పుట్టుక గురించి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు. నా ముందు కూర్చున్న మనిషి గురించి మాత్రం చాలా చెప్పాలి. అతన్ని ఊరు పిచ్చోడంది. ఒగ్గు కథల పిచ్చి, నాటక పద్యాల పిచ్చి, సినిమా మాటల పిచ్చి. అయిపోయిన కాసెట్టే మల్లొక్కసారి పెట్టమనే పిచ్చి. దాన్ని పనిలేనితనం కింద జమకట్టినవాళ్లున్నారు, నేటికీ ఉన్నారు. నేను అలా అనుకోను. విన్నదే వినడం చెవికి చదువు. ఒక కళ బతకడానికి కళాకారుడి గొంతు ఎంత అవసరమో, దాన్ని మళ్లీ మళ్లీ వినే ఈ మనిషీ అంతే అవసరం. ఆ మనిషి తరఫున నా దగ్గర సాక్ష్యం ఉంది.

ఈ మండలంలో మాణిక్యపురం అనే ఊరుంది. ఒగ్గు కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 1935లో పుట్టింది అక్కడే. 2017 నవంబరులో ఆయన కన్నుమూసేనాటికి పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారని చెప్తారు. ఆయన కథ రేడియోలో వచ్చింది, దూరదర్శన్‌లో వచ్చింది, కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అయితే ఒగ్గు కథ మొదట వేదిక కోసం పుట్టలేదు. మల్లన్నకో బీరప్పకో మొక్కుకున్న ఇంటివాళ్లు ఒగ్గు పూజారులను పిలిపించి పట్నం వేయిస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి గుప్పిట్లోంచి సన్నగా జారుతుంటే నేల మీద గళ్లూ గీతలూ పరుచుకుంటాయి. ఆ పట్నం ముందు కథ మొదలవుతుంది. డోళ్లు, తాళాలు, కథకుడి చేతిలో ఒగ్గు అనే చిన్న డమరుకం. కథకుడు మల్లన్నగా గర్జించి, మరుక్షణం భుజం మీది బట్టను కొంగులా లాక్కొని మల్లన్న భార్య మేడలమ్మగా అలుగుతాడు. వంత పాడేవాడు మధ్యలో ప్రశ్న వేస్తాడు, ఊళ్లో వాడిలా తగాదా పెట్టుకుంటాడు, నవ్విస్తాడు. వచనం ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ ఎత్తుకున్నాడో తెలియనంత ఒడుపుగా సాగుతుంది. ఇంత సంపద వినేవాడికి దొరికేది మాత్రం ఎవరో మొక్కు తీర్చుకున్న రాత్రే. తెల్లారితే డోలు భుజానికెత్తుకొని బృందం వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

మళ్లీ వినాలన్న కోరిక నేను పుట్టించింది కాదు, నాకన్నా చాలా పాతది. పద్యనాటకాల కాలంలోనే తెలుగు ప్రేక్షకుడు వన్స్ మోర్ అని కేకవేసి పద్యం మళ్లీ పాడించుకున్నాడు. కథ ఎక్కడుంది, పాత్ర ఏ స్థితిలో ఉంది అన్నది అప్పుడు పట్టింపు కాదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు ఎంత దుఃఖంలో ఉన్నా, జనం అడిగితే రాగం మళ్లీ ఎత్తుకోవాల్సిందే. దీన్ని మోటుతనమని వెక్కిరించిన విమర్శకులున్నారు. నాకు అందులో శ్రద్ధ కనపడుతుంది. అలా అడిగినవాడికి పద్యం అర్థం ముందే తెలుసు, కథ ముగింపూ తెలుసు. ఆ సంగతిని నటుడు ఎలా మలుపు తిప్పాడు, ఊపిరి ఎక్కడ దాచుకున్నాడు, చివరి పాదాన్ని ఎలా దించాడు అన్నది పట్టుకోవడానికే అతను రెండోసారి అడిగాడు. తర్వాత గ్రామఫోన్ రికార్డులొచ్చాయి, కానీ ఆ పెట్టె ఉన్న ఇళ్లు తక్కువ. రేడియో వచ్చింది. సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై తెలుగు పాటలు వినిపిస్తే, వివిధ భారతిలో జనరంజని వస్తే చెవులు రిక్కించినవాళ్లు కోకొల్లలు. అయినా రేడియోలో ఏది వినాలో నిర్ణయించేది స్టేషను. శ్రోత ఉత్తరం రాయగలడు, ఎదురు చూడగలడు, అంతే.

నేను వచ్చాక ఆ నిర్ణయం శ్రోత వేలి కిందికి వచ్చింది. నా లోపలి పని చాలా సాదాసీదా. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని రీలు సెకనుకు ఐదు సెంటీమీటర్ల కన్నా కాస్త తక్కువ వేగంతో హెడ్డు మీదుగా జారుతుంది. గంట కాసెట్‌లో అలాంటి రీలు దాదాపు 90 మీటర్లు, చెరో వైపు అరగంట. బెల్టు సాగితే గొంతు బండబారుతుంది. హెడ్డుకు మకిలి పడితే తాళాల మోత మొద్దుబారుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే మళ్లీ గలగలమంటుంది. రీలు బయటికి వస్తే పెన్సిలు దూర్చి చుట్టుకోవాలి. నాతో మెలిగిన అభిమాని చెవికిలాగే చేతికీ పని నేర్పాడు. వంత వేసిన ప్రశ్నకు కథకుడి జవాబు తెగిపోయిందనుకుంటే స్టాప్ నొక్కి, రెండు క్షణాలు వెనక్కి తిప్పి, సరిగ్గా ఆ ఊపిరి దగ్గర ఆపగలిగాడు. అప్పుడు ఒక సంగతి బయటపడింది. డోలు దెబ్బ పాటకు తోడుగా మాత్రమే పడటం లేదు. కథకుడు తర్వాతి మాట వెతుక్కునే జాగాను అది నింపుతోంది, మలుపు రాబోతోందని వంతను హెచ్చరిస్తోంది. కళ్లెదుట ఆట సాగుతున్నప్పుడు చూపు వేషం మీద, చిందు మీద ఉంటుంది. చెవి ఒక్కటే మిగిలి, అదే చోటును మళ్లీ మళ్లీ తాకినప్పుడు అల్లిక తెలుస్తుంది. ఒకే ఎల్లమ్మ కథను రెండు గొంతుల్లో పక్కపక్కన పెట్టుకొని వినడం నాతోనే సాధ్యమైంది. మాణిక్యపురం సత్తయ్య ఒకవైపు, వేములవాడ దగ్గరి హనుమాజిపేట మిద్దె రాములు ఇంకోవైపు. ఏది గొప్పదని వాదులాడుకున్న ఇద్దరు మనుషులు ఉన్నారంటే, అక్కడ ఆ కళకు విమర్శ పుట్టినట్టే.

సినిమా పిచ్చి వేరు, జానపదం మీద ప్రేమ వేరు అని గీత గీసేవాళ్లకు నా అరలో కాసెట్లే జవాబు. 1977 సంక్రాంతికి వచ్చిన దాన వీర శూర కర్ణ మాటలు రికార్డులుగా, తర్వాత కాసెట్లుగా ఊరూరా మైకుల్లో మోగాయి. కొండవీటి వెంకటకవి రాసిన సమాసాలను బడి మొహం చూడని మనుషులు కూడా ఊపిరి తప్పకుండా అప్పజెప్పారు. వాళ్లకు అది నేర్పిన పంతులు నేనే, నాకన్నా ముందు వాళ్ల పిచ్చి. అదే అరలో ఒగ్గు కథ ఉంది, మల్లన్న పాటలున్నాయి, గద్దర్ పాటలున్నాయి. దుర్యోధనుడి దర్పం రుచి చూసిన చెవే మల్లన్న గర్జననూ తూచింది. పీటర్ మాన్యుయెల్ 1993లో ఉత్తర భారతం కాసెట్ల మీద రాసిన పుస్తకంలో ఒక సంగతిని విడమరిచాడు. అంతకుముందు ఒక పెద్ద రికార్డు కంపెనీ గుప్పిట్లో ఉన్న సంగీతం, కాసెట్ చవక కావడంతో చిన్న ఊళ్ల చిన్న వ్యాపారుల చేతికీ వచ్చింది, పెద్ద కంపెనీ పట్టించుకోని భాషలూ యాసలూ బజారుకెక్కాయి. తెలంగాణ జాతరల్లో దేవుని పాటల కాసెట్లు అమ్ముడుపోవడం వెనకా ఆ కారణమే ఉంది. కొనేవాడు ఉన్నాడని తేలాకే చేసేవాడు ముందుకొచ్చాడు. ఆ కొనేవాడే మన పిచ్చోడు.

నా మీద పెద్ద నేరం ఒకటి మోపుతారు. కాసెట్ ఉంటే కథకుణ్ని పిలిచేదెవరు, టేపు వచ్చి ఒగ్గువాళ్ల కడుపు కొట్టిందని. ఈ మాటలో నిజం పాలు తక్కువ. నేను పట్నం వేయలేను, బండారి పసుపు చల్లలేను, మొక్కు తీర్చలేను. మల్లన్న గుడి ఉన్న కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు జనం పోటెత్తుతున్నారు. అక్కడ ఒగ్గు పూజారి చేతుల మీదుగా జరగాల్సిన పని ఏ యంత్రంతోనూ జరగదు. సత్తయ్య పేరు మోగిన కాలమూ నేను ఇంటింటా మోగిన కాలమూ చాలావరకు ఒకటే. ఒకరి పేరును మరొకరు తినేసి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు. విన్న కథనే కళ్లారా చూడాలన్న ఆశ పుట్టడం సహజం. పిలుపులు తగ్గాయంటే కారణాలు వేరే ఉన్నాయి. రాత్రంతా కూర్చునే తీరిక తగ్గింది, వలసలు పెరిగాయి, కథకుల పిల్లలు వేరే పనులకు మళ్లారు. ఆ బరువంతా తెచ్చి ఒక చిన్న పెట్టె మీద వేయడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేను. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారుజామున ఐదుకు ముగిసే కథ పట్టాలంటే గంట కాసెట్లు ఎనిమిది కావాలి. అన్ని కాసెట్లు ఎవరూ చేయలేదు, ఎవరూ కొనలేదు. కథ కురచనైంది. ఆ రాత్రి ఎదురుగా కూర్చున్న ముసలవ్వను చూసి కథకుడు అప్పటికప్పుడు అల్లిన మాట పోయింది. పైగా కాసెట్‌లోకి ఎక్కిన పాఠమే అసలుదని, మిగతావి తప్పులని అనుకునే ప్రమాదం వచ్చింది. నిజమే. కానీ ఈ జబ్బు ఒకే కాసెట్ ఉన్నచోట పుడుతుంది. పదిమంది గొంతులు, పది రాత్రుల టేపులు ఉన్నచోట శ్రోతకు తేడాలే ముందు వినపడతాయి, కథ ప్రతి నోటా కొత్తగా పుడుతుందని అతనికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కథ కురచన కావడానికీ కారణం నేనొక్కదాన్నే కాదు. రేడియో సమయానికి, సభావేదిక సమయానికి తగ్గట్టు కథను కుదించి చెప్పడం ఈ తరం కథకులకు తప్పలేదు. ఆ కుదింపులో ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలియడం కూడా విద్యే.

అభిమాని కళను ప్రేమించడు, మనిషిని పూజిస్తాడు అనే మాట కూడా వింటుంటాను. సినిమా హీరోల కటౌట్లకు పాలు పోసేవాళ్లను చూసి అంటే సరే. నా ముందు కూర్చున్నవాడికి మాత్రం ఆ మాట తగలదు, ఎందుకంటే టేపులో మొహం కనపడదు. గొంతు తడబడితే తడబడినట్టే వినపడుతుంది, రెండోసారి తిప్పితే ఆ తప్పు మరీ స్పష్టం. అలా వినే చెవి జనంలో ఇంకా ఉందనడానికి 2023 మార్చిలో వచ్చిన బలగం సినిమా గుర్తు చేసుకోండి. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే థియేటర్లలో జనం ఏడ్చారు. పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. కథను పాటగా, పాటను నిలదీతగా వినడం ఎలాగో ఆ జనానికి ముందే తెలుసు. ఆ వినికిడి ఒక్క సినిమాతో రాలేదు. చావింటి ముందు పాడిన కథలు, పట్నాల రాత్రులు, తర్వాత నాలాంటి పెట్టెలు తరాలుగా దాన్ని తయారుచేశాయి. ఫోన్ రాకతో అన్నీ దొరుకుతున్నాయి, అది సంతోషమే. కాకపోతే ఫోన్ ఒకటి అయిపోకముందే ఇంకోటి ముందుకు తోస్తుంది. విన్నదాని దగ్గరే ఆగి ఇంకోసారి వినాలంటే ఇప్పుడు మనిషే పూనుకోవాలి.

అందుకని ఒక్క విన్నపం. మీ ఇంట్లో, జీడికల్ జాతరకు వచ్చిపోయే మీ చుట్టాల ఇళ్లలో ఒగ్గు కథ కాసెట్లు ఉంటే పాత సామాను కింద తూకానికి వేయకండి. రీలు మీది పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలుతుంది, తేమ తగిలితే బూజు పట్టి పొరలు అతుక్కుంటాయి. ఎండ, తేమ, స్పీకరు అయస్కాంతం దగ్గర లేని చోట నిలువుగా పెట్టండి. బూజు కనపడితే నాలో పెట్టి ఆడించవద్దు, తెలిసినవాళ్లకు చూపించండి. బాగున్నవాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కథ పేరు, కథకుడి పేరు, వంతల పేర్లు, ఊరు, సంవత్సరం తెలిసినంతవరకు రాసి పెట్టండి. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది, ఒక నకలు వాళ్లకూ చేర్చండి. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ వేసవి దాటకముందే వాళ్లను అడగండి.