సొట్టకో న్యాయం, ఎముకకో న్యాయం

పాత కారు ఎక్కడో గుద్దుకుని, మనుషులంతా క్షేమంగా బయటపడ్డ ఇంట్లో ఆ సాయంత్రమే రెండు పార్టీలు పుడతాయి. ఒకటి ‘బాగుచేయిద్దాం’ పార్టీ, రెండోది ‘వదిలించుకుందాం’ పార్టీ. మొదటి పార్టీ మేనిఫెస్టో అంతా జ్ఞాపకాలే: ఇందులోనే తిరుపతి వెళ్లాం, ఇందులోనే పాపని ఆస్పత్రి నుంచి తెచ్చాం. రెండో పార్టీ ఎదురింటివాళ్లు సన్‌రూఫ్ కారు కొన్నప్పటి నుంచీ అదను కోసం కాచుకుని ఉంది. ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడతారు గానీ, తీర్పు ముందే అయిపోయి ఉంటుంది. లెక్కలు తర్వాత వెతుక్కున్న సాక్షులు. నేను చెప్పేది ఒక్కటే. కారుకు తగిలిన దెబ్బల్ని ముందు రెండు కుప్పలు పోయాలి: చర్మానికి తగిలినవి ఒకటి, ఎముకకు తగిలినవి ఇంకొకటి. చర్మం సంగతిలో ప్రేమకు ఓటివ్వొచ్చు, ఒకటీ అరా దొంగ ఓటు వేసినా చూసీ చూడనట్టు పోవచ్చు. ఎముక దగ్గర మాత్రం ప్రేమను పోలింగ్ బూత్ ఛాయలకు కూడా రానివ్వకూడదు.

ఈ రెండు పార్టీల మధ్యలోకి ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తాడు. ఆయనకు కారు చేసిన సేవతో పనిలేదు, వయసు చాలు. సొంత కారు బీమాకు మూలం ఐడీవీ, అంటే ఈ బండి ఇంత చేస్తుందని కంపెనీ ఒప్పుకున్న విలువ. దానికో పట్టిక ఉంది: ఏడాది దాటితే కొత్త ధరలో 20 శాతం కోత, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50. ఐదేళ్లు దాటాక పట్టిక అయిపోతుంది; విలువెంతో కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. అంటే కంపెనీ మాట్లాడుతుంది, యజమాని తేల్చుకుంటాడు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే అది టోటల్ లాస్. పన్నెండేళ్ల కారు ఐడీవీ 1,20,000 రూపాయలనుకుందాం. హద్దు 90,000. ఎస్టిమేటు 95,000 వచ్చిందంటే, బండి స్టార్టవుతున్నా, ఏసీ చల్లగా వస్తున్నా, కాగితం మీద కాలం చేసినట్టే. హద్దు లోపల ఉంటే బతికినట్టే గానీ విడిభాగాల బిల్లులో దాదాపు సగం మన నెత్తినే. పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బండి వయసెంతైనా 50 శాతం కోతే. అద్దాలకు మాత్రం కోత లేదు. కాబట్టి పాత కారుతో గుద్దుకోక తప్పకపోతే అద్దంతో గుద్దుకోవడమే లాభసాటి. ప్రీమియం దండగని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవారికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. తమ బండికి వాళ్లకొచ్చేది సున్నా, సున్నాకి తరుగుదల ఉండదు.

ఇక్కడ బంధువులంతా ఏకకంఠంతో ఒక ప్రశ్న వేస్తారు: “కారు ఖరీదు కంటే రిపేరు ఎక్కువైతే బుద్ధున్నవాడెవడైనా చేయిస్తాడా?” చేయించొచ్చు. ఖరీదంటే ఎవరి ఖరీదు? ఈ బండిని అమ్మితే ఎంతొస్తుందన్నది కంపెనీ లెక్క. ఈ బండి పోతే, ఇది చేసే పని చేసిపెట్టే ఇంకో బండికి ఎంతవుతుందన్నది మన లెక్క. ఆ 1,20,000 జేబులో వేసుకుని సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వెళితే అదే మోడల్, అదే సంవత్సరం బండి దొరకొచ్చు. దాని ఇంజన్ ఆయిలు ఎప్పుడు మార్చారో, ఏ వరదల్లో ఈతలు కొట్టిందో, మీటరు ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో అమ్మేవాడికీ ఆ దేవుడికీ తెలియాలి. మన బండి జబ్బులన్నీ మనకు నోటికొచ్చు. ఆ తెలివిడికి మార్కెట్లో రేటు లేదు గానీ విలువుంది. పోనీ కొత్తది కొందామా? ఎనిమిది లక్షల బండి, ఆ కంపెనీ పట్టిక ప్రకారమే, ఐదేళ్లు నిండేసరికి నాలుగు లక్షలకు దిగుతుంది. షెడ్డులోంచి కదిలించకపోయినా సగటున నెలకు ఆరున్నర వేల పైచిలుకు కరిగిపోతుందన్నమాట. లైఫ్ ట్యాక్సూ, లోను వడ్డీ వేరే. పాత బండికి కరగడానికి ఏమీ మిగల్లేదు. ఆస్తి అనిపించుకునే బాధ్యత నుంచి అదెప్పుడో రిటైరైంది. కాబట్టి దెబ్బ చర్మానిదే అయితే, బజారు ధరను కాస్త మించిన బిల్లు కూడా పిచ్చి పని కాదు.

అలాగని ప్రేమ పార్టీ అప్పుడే టపాకాయలు కాల్చకూడదు. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పండితులు ఒక ప్రయోగం ప్రచురించారు. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల్లో కొందరికి కాఫీ మగ్గులిచ్చి అమ్ముకోమన్నారు, తక్కినవాళ్లను కొనమన్నారు. కొనేవాళ్లు ఇస్తామన్న దానికి రెట్టింపు దాకా అమ్మేవాళ్లు అడిగారు. కాకిపిల్ల కాకికి ముద్దని మనవాళ్లు మగ్గుల ఖర్చు లేకుండానే ఎప్పుడో తేల్చేశారు. అప్పుడే చేతికొచ్చిన మగ్గు మీదే అంత మమకారం పుడితే, పన్నెండేళ్లు కడిగి తుడిచిన కారు సంగతి చెప్పాలా? ఈ మమకారానికి ఇష్టమైన వాదన ఒకటుంది: “పోయినేడే కదా కొత్త టైర్లు, క్లచ్ ప్లేట్లు వేయించాం, ఇప్పుడెలా వదిలేస్తాం?” ఆ డబ్బు మనం బండి ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. ఇక ముందు పెట్టబోయే డబ్బే లెక్కలోకి వస్తుంది. ఇదే నియమం అవతలి పార్టీకీ వర్తిస్తుంది. పది అంగుళాల స్క్రీను, వెనక కెమెరాల మోజు బంపరు పగలకముందు నుంచీ ఉన్నదే. దాన్ని యాక్సిడెంటు ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇక ఎముక సంగతి. చర్మం అంటే బంపరు, ఫెండరు, బానెట్, తలుపు పైరేకు, లైట్లు: విప్పి మార్చగలిగినవి, సొట్ట తీయగలిగినవి. ఎముక అంటే చాసిస్ లెగ్గులు, పిల్లర్లు, ఫ్లోరు. ఇప్పటి చిన్న కార్లలో చాసిస్ విడిగా ఉండదు. వెల్డింగుతో అతికిన బాడీయే చాసిస్. దాని ముందు భాగాన్ని గుద్దినప్పుడు ముడుచుకుపోయేలాగే కడతారు. బేలా బరేనీ అనే ఇంజనీరు ఆలోచన ఇది. 1959లో మెర్సిడెస్ కారులో అమ్మకానికొచ్చింది. ముక్కు ముడుచుకుంటూ దెబ్బ జోరంతా మింగుతుంది, మనుషులుండే గది నిలబడుతుంది. ఒకసారి ముడతపడ్డ ఉక్కును లాగి సాపు చేస్తే పాత ఆకారం వస్తుంది గానీ, మళ్లీ గుద్దితే అదే తీరులో ముడుచుకుంటుందన్న భరోసా రాదు. “పాత బండ్లంటే ఇనుమండీ, ఇప్పటివి రేకు డబ్బాలు” అనే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ల కోసమే అన్నట్టు 2009లో అమెరికా బీమా కంపెనీల భద్రతా సంస్థ ఒక 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ను, ఒక 2009 షెవర్లే మాలిబును ఎదురెదురుగా గుద్దించింది. ఇనుప బెల్ ఎయిర్‌లో డ్రైవరు గది నలిగిపోయింది; సీట్లో కూర్చోబెట్టిన బొమ్మ స్థానంలో మనిషుంటే బతికేవాడు కాదు. రేకు డబ్బాలో బొమ్మకు కాలి గాయంతో సరిపోయేది.

“మన విజయవాడ ఆటోనగర్‌లో ఎవరికైనా చూపించండి, ఎలాంటి బండినైనా లేపి కూర్చోబెడతారు” అనే అభ్యంతరం తేలికగా తీసిపారేసేది కాదు. లారీలకు ఉత్త చాసిస్ మీద బాడీ కట్టి పంపే చేతులవి. షోరూం ‘మార్చాల్సిందే’ అన్న తలుపును టింకరింగ్ చేసేవాడు నాలుగో వంతు ఖర్చుతో సాపు చేసిస్తే అతనికి దణ్ణం పెట్టాల్సిందే. అయితే ఆ ప్రతిభ చర్మం మీద. ఎముక వంకర తీయాలంటే బండిని బెంచీకి బిగించి, కంపెనీ కొలతలతో పోల్చుకుంటూ లాగాలి. కంటి అంచనా చాలదు. చూసుకోవాల్సిన గుర్తులు కష్టమైనవేం కావు. తలుపు చుట్టూ సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండటం, తలుపు గట్టిగా నెడితే తప్ప పడకపోవడం, ఎన్నిసార్లు చేయించినా వీల్ అలైన్‌మెంట్ నిలవకపోవడం, టైరు ఒకవైపే అరిగిపోవడం. వీటి మీద పుట్టీ పూసి మెరుపు పెయింటు కొడితే పైన పటారం, లోన లొటారం. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు కూడా అంతే. మడిచి లోపల పెట్టడానికి అది దుప్పటి కాదు, కొత్తది వేయాల్సిందే. ఆ ఖర్చు కలిపితే చాలా పాత బండ్ల కథ అక్కడే ముగుస్తుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకోటుంది: చర్మమే దెబ్బతిన్నా, పాత బండి పాతదే కదా? నిజమే. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు అదే ఏడు జులై నుంచి, పక్క సీటుకు 2022 నుంచి. పన్నెండేళ్ల బండిలో ఇవేవీ లేకపోవచ్చు. దీనికి నా జవాబు: లేని ఎముకను కూడా ఎముకల కుప్పలోనే వేయాలి. బండి రైతుబజారుకూ రైల్వే స్టేషనుకూ తిరిగేదైతే ఆ లోటుతో బతకొచ్చు. వారం వారం పిల్లలతో హైదరాబాదు–విజయవాడ హైవే ఎక్కేదైతే, బంపరు పగలకపోయినా మార్చాల్సిన బండే అది, యాక్సిడెంటు గుర్తుచేసిందంతే. వయసు పదిహేనుకు దగ్గరపడితే ఇంకో మెలిక. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి; 2022 ఏప్రిల్‌లో కారుకు ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది.

“మరి జ్ఞాపకాలకు విలువ లేదా?” ఉంది. మారుతి 800 మొదటి కారు తాళాలు 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా యజమానికి అందాయి. తుప్పుపట్టిపోయిన ఆ కారును కంపెనీయే బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో నిలబెట్టుకుంది. కొత్త కార్లమ్మి బతికేవాళ్లే ఆ పని చేశారంటే ప్రేమ పార్టీకి అంతకంటే గొప్ప ప్రచారం ఏముంటుంది? కానీ గమనించండి, వాళ్లు దాన్ని నిలబెట్టారు, హైవే మీద తోలడం లేదు. చూసుకోవడానికైతే ప్రేమ చాలు, తోలుకోవడానికి ఎముకలు కావాలి. అందుకే ఎస్టిమేటు కంటే ముందు, ఇంట్లో చర్చ కంటే ముందు, రిపేరు డబ్బుతో సంబంధం లేని మెకానిక్‌తో బండిని లిఫ్టు మీద పెట్టించి అడుగు చూపించాలి. ఎముక గట్టిదంటే ఇష్టమొచ్చిన రంగు వేయించుకుని మరో ఐదేళ్లు తిరగండి, బంధువుల మాట వినకండి. విరిగిందంటే, మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, తుక్కు కింద వదిలేయండి. క్లెయిమ్ తీసుకున్నాక నో క్లెయిమ్ బోనస్ కూడా మీ వెంట రాదు. పాత బండి నుంచి కొత్త బండికి తరుగుదల లేకుండా బదిలీ అయ్యేది డాష్‌బోర్డు మీది వినాయకుడొక్కడే. ఆయనకు ఎస్టిమేటు వేసే ధైర్యం ఇంతవరకు ఏ సర్వేయరూ చేయలేదు.